మన మిషను... వాళ్ల మిషిన్!

టోక్యోలో బట్టలు కొనాలంటే ఎవరినడిగినా గింజా, షిబుయా అంటూ అద్దాల మేడలున్న పేటల పేర్లు చెబుతారు. బట్టలు కుట్టుకోవాలంటే మాత్రం వెళ్లాల్సింది నిప్పొరికి. నరిటా విమానాశ్రయం నుంచి స్కైలైనర్ రైలెక్కితే 40 నిమిషాల్లో వచ్చే స్టేషనది. తూర్పు వైపు బయటికొచ్చి కాస్త నడిస్తే ‘సెన్-ఇ గాయ్’ మొదలవుతుంది. అంటే బట్టల వీధి. దాదాపు కిలోమీటరు పొడవునా ఎటు చూసినా తానులే తానులు! లేసులకో దుకాణం, గుండీలకో దుకాణం, తోలు ముక్కలకో దుకాణం. తైషో చక్రవర్తి హయాంలో, అంటే 1912-26 మధ్య, అసాకుసా వైపు నుంచి పాత గుడ్డలూ కత్తిరింపు ముక్కలూ అమ్ముకునేవాళ్లు ఇక్కడికి తరలివచ్చారట. అలా మొదలైన బజారు ఇది.

సికింద్రాబాద్ జనరల్ బజార్లో తిరిగినవాళ్లకు ఈ వీధి మరీ కొత్తగా అనిపించదు. తేడా అల్లా ఒక్కటే. బేరం ఉండదు. చెయ్యి పట్టుకుని లోపలికి లాగేవాళ్లూ ఉండరు. అన్నిటికన్నా పేరున్న దుకాణం ‘టొమాటో’. బట్టల కొట్టుకి ఆ పేరేమిటో! ఒకే వీధిలో దానికి నాలుగైదు భవనాలు. నచ్చిన తానును మనమే చంకన పెట్టుకుని, కత్తిరించే బల్ల దగ్గర వరసలో నిలబడాలి. ఎన్ని మీటర్లో చెబితే చాలు, గీత గీసినట్టు కోసిస్తారు. రెండు పల్చటి నూలు పొరల్ని కలిపి నేసిన ‘డబుల్ గాజ్’ అనే బట్ట ఒకటుంది. పసిపిల్లల చొక్కాలకి వాళ్లు అదే వాడతారు. మన మల్లు గుడ్డ తెలిసినవాళ్లకి ముట్టుకోగానే ప్రాణం లేచొస్తుంది. అన్నట్టు, ఇక్కడ చాలా దుకాణాలకు ఆదివారం సెలవు. వెళ్లేవాళ్లు శనివారమే వెళ్లాలి.

ఇంతకీ టోక్యోలో కూర్చుని బట్టలు కుట్టుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? 2000 ప్రాంతంలో కంప్యూటర్ ఉద్యోగాలతో వచ్చిన మనదేశంవాళ్లు నిషికసాయ్ పేటలో ఎక్కువగా స్థిరపడ్డారు. పప్పులూ మసాలాలూ అన్నీ దొరుకుతాయి కానీ చీర మీదికి జాకెట్టు కుట్టేవాళ్లు సందు చివర దొరకరు. రెడీమేడ్ కొందామా అంటే ఆడవాళ్ల కొలతలు 7, 9, 11, 13 అంటూ అంకెల్లో ఉంటాయి. నడుము దగ్గర సరిపోయింది భుజాల దగ్గర బిగుసుకుంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు, పిల్లల్ని కిండర్‌గార్టెన్‌లో చేర్పించడం ఒక ఎత్తు. పుస్తకాల సంచి, బూట్ల సంచి, గ్లాసు పెట్టుకునే మూతి ముడి సంచి... ఇన్ని సెంటీమీటర్ల పొడవు, ఇన్ని సెంటీమీటర్ల వెడల్పు అని కొలతలు రాసిన కాగితం చాలా బడుల్లో తల్లి చేతిలో పెడతారు. ఇంట్లో కుట్టి తెస్తే సంతోషిస్తారు. మా ఇంటికి మిషను వచ్చింది ఆ కాగితం వల్లే. సంచులయ్యాక పరికిణీ, పరికిణీ అయ్యాక జాకెట్లు, ఆ తర్వాత ఆఫీసుకు వేసుకునే కుర్తాలు. ఇప్పుడు నా బీరువాలో కొన్న బట్టలు తక్కువే.

కొట్లో ‘మిషిన్’ అని రాసి ఉంటే మొదట నమ్మలేదు. వాళ్ల మాటే అది! ఇంగ్లిషు ‘మెషీన్’ మన ఊళ్లలో మిషను అయినట్టే జపాన్‌లో మిషిన్ అయింది. ఇద్దరికీ ఆ మాట వినగానే గుర్తొచ్చేది కుట్టు మిషనే. జుకి, బ్రదర్, జనోమె... అన్నీ ఇక్కడి కంపెనీలే. జనోమె అంటే పాము కన్ను. గుండ్రటి బాబిన్ అలా కనిపిస్తుందని ఆ పేరు పెట్టుకున్నారు. కొనేముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. జపాన్‌లో ఇళ్ల కరెంటు 100 వోల్టులు, మనది 230. ఇక్కడి మిషను అక్కడికి తెచ్చి నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే. మరో మాట. ఇక్కడి కుట్టు పుస్తకాల్లో వచ్చే నమూనా కాగితాల్లో చాలావాటికి కుట్టు మార్జిన్ కలిపి ఉండదు. పల్చటి కాగితం మీద గీసుకుని మార్జిన్ మనమే వదులుకోవాలి.

ఈ దేశంలో మిషనుకు ఎంత విలువుండేదో కొత్త సంవత్సరం కార్డులు చెబుతాయి. వాటిని ‘నెంగాజో’ అంటారు. డిసెంబరు 25లోగా డబ్బాలో వేస్తే సరిగ్గా జనవరి 1 ఉదయం ఇంటికి చేరతాయి. యుద్ధం ముగిసిన కొత్తల్లో ఎవరు బతికున్నారో, ఎక్కడున్నారో తెలియని రోజులు. జనం మళ్లీ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవాలంటే కార్డుకు లాటరీ నంబరు పెట్టాలని ఒసాకా వ్యాపారి హయాషి మసాజి తపాలా శాఖకు సలహా ఇచ్చాడు. 1949 చివర్లో అలాంటి కార్డులు మొదటిసారి అమ్మారు. అన్నిటికన్నా పెద్ద బహుమతి ఏమిటో తెలుసా... కుట్టు మిషను! దాని తర్వాతది సూటు కుట్టించుకునే ఉన్ని బట్ట.

ఆ కార్డులిప్పుడు తగ్గిపోతున్నాయి. 2004 కొత్త సంవత్సరానికి దాదాపు 445 కోట్లు అచ్చేస్తే, 2025కి మొదట వేసినవి 107 కోట్లే. 2024 అక్టోబరులో కార్డు ధర 63 యెన్ల నుంచి 85కి పెరిగింది. ‘వచ్చే ఏడాది నుంచి కార్డులు పంపలేం, మన్నించండి’ అని చివరి కార్డు రాసి మానేస్తున్న పెద్దవాళ్లున్నారు. కుర్రవాళ్లంతా ఫోన్‌లోనే. నేనూ అంతే. తెనాలిలో ఉన్న అమ్మకి సంక్రాంతికీ ఉగాదికీ కార్డు ఫోన్‌లోనే వెళ్తుంది. కొత్తగా కుట్టినదాన్ని కిటికీ దగ్గర పొద్దుటి వెలుతురులో పరిచి ఫొటో తీసి, కింద తెలుగులో నాలుగు మాటలు రాయడమే. క్షణంలో చేరుతుంది. టోక్యో మూడున్నర గంటలు ముందు కాబట్టి ఆవిడ నిద్రలేచేసరికే అక్కడ ఉంటుంది.

అమ్మ ‘బాగుంది’ అని వదిలిపెట్టదు. నాకు కుట్టు నేర్పింది ఆవిడే మరి. వేళ్లతో ఫొటో పెద్దది చేసి చూస్తుంది. ‘లోపలి వైపు తీసి పంపవే’ అంటుంది. అందుకే నా పండగ కార్డులు రెండేసి ఉంటాయి, పై వైపొకటి, లోపలి వైపొకటి. అయినా ఆవిడకి తృప్తి ఉండదు. బట్ట బిరుసో మెత్తనో ఫొటోలో ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఫిబ్రవరి 8న అసాకుసా సెన్సోజీ గుడిలో విరిగిన సూదులకు పూజ చేస్తారు. ఇన్నాళ్లూ గట్టి గుడ్డల్లో దూరి అలిసిపోయాయని వాటిని మెత్తటి టోఫులో గుచ్చుతారు. ఆ ఫొటో పంపితే మాత్రం అమ్మ మారు మాట్లాడలేదు. మన ఆయుధపూజలాంటిదే అనుకుని దణ్ణం పెట్టుకుందట.

నాన్న షష్టిపూర్తికి వెళ్లడం కుదరలేదు. జపాన్ వాళ్లకీ మనలాగే 60 ఏళ్ల చక్రం ఉంది. అది పూర్తయినవాళ్లకి ‘చాంచాంకో’ అని చేతుల్లేని ఎర్ర కోటు తొడుగుతారు. మళ్లీ పసివాడై పుట్టాడని లెక్క. నిప్పొరిలో ఎర్ర పట్టులాంటి బట్ట, లోపలికి నూలు లైనింగ్ కొనుక్కొచ్చి ఒకటి కుట్టాను. ముహూర్తం రోజుకి ఫోన్‌లో కార్డే వెళ్లింది. కోటు మాత్రం ఊరెళ్తున్న పక్కింటివాళ్ల పెట్టెలో మూడు వారాల తర్వాత చేరింది. నాన్న దాన్ని పంచె మీద తొడుక్కుని, నవ్వు ఆపుకుంటూ తీయించుకున్న ఫొటో తిరిగొచ్చింది. ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. ‘మెడ దగ్గర లైనింగ్ మిషను మీద కాకుండా చేత్తో కుట్టావు కదూ? ఫొటోలో తెలీలేదు. ఇప్పుడు తడిమి చూస్తే తెలిసింది’ అంది.