యు.ఎం.ఎల్.లో అవయవావయవి సంబంధము

సాఫ్ట్‌వేర్ నిర్మాణమును ముందుగా చిత్రములలో చూపుటకు 1990ల తొలినాళ్లలో పలు పద్ధతులు పోటీపడినవి. గ్రేడీ బూచ్ క్లాసును మేఘాకారమున గీసెను. జేమ్స్ రంబా దీర్ఘచతురస్రముగా గీసెను. ఐవర్ జాకబ్‌సన్ కూడ చేరగా మువ్వురి పద్ధతులు యు.ఎం.ఎల్.గా కలిసినవి, 1997లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ దానిని ఆమోదించినది. మేఘము మాయమైనది. గుర్తులు ఒక్కటైనవి గాని అన్నిటి అర్థమును స్థిరపడలేదు.

అవయవావయవి సంబంధమునకు అందు రెండు గుర్తులు కలవు. తెల్లని డైమండు అర్థము చాలవరకు అనిర్ణీతము. నల్లనిది దృఢబంధము: అవయవి తొలగినచో అప్పటికి అందున్న అవయవములును తొలగును. దీనిని చూచిన తార్కికుడు వెంటనే సమవాయమనును. సామ్యము ఆకర్షకమే గాని తొందరపాటు. న్యాయవైశేషికులకు వస్త్రము తంతువులందు సమవేతము. వస్త్రము నశించినను తంతువులు నిలువగలవు, తంతువులు లేక వస్త్రము లేదు. ఆధారపడు దిశయే ఇచట తలక్రిందులైనది.

బిల్లును చెరిపినచో అందలి పద్దులు చెరుగుట సమంజసమే. తాళపత్రముల కట్టను పట్టికనుండి తొలగించినపుడు అందలి గ్రంథముల వివరములన్నియు చెరుగవచ్చునా? కట్ట విడిపోయినను ఆకులు మిగులునుగదా. అచట తెల్లని గుర్తో, ఉత్త గీతయో చాలును.