బెజవాడ నుంచి గుంటూరుకి, సైకిలు మీద

బెజవాడ నుంచి గుంటూరుకి ఎప్పుడైనా సైకిలు మీద వెళ్ళారా? బస్సెక్కితే ఒక కునుకు తీసేలోపు వచ్చేసే ఊరు. సైకిలు మీదా మరీ దూరమేం కాదండీ. 35 కిలోమీటర్ల లోపే. గంటకి 15 చొప్పున నిదానంగా తొక్కినా రెండున్నర గంటల్లో చేరిపోతారు. నేలంతా చదును, ఫ్లైఓవర్లు తప్ప ఎత్తెక్కే పనే లేదు. మనల్ని వెనక్కి లాగేది దూరం కాదు, రద్దీ. అందుకే దాని సంగతే మాట్లాడుకుందాం.

కృష్ణ దాటడానికి కనకదుర్గమ్మ వారధి ఉంది, ప్రకాశం బ్యారేజీ ఉంది. నా మాట విని బ్యారేజీ మీదుగా వెళ్ళండి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకుని 1957 నుంచీ డెల్టాకి నీళ్ళిస్తున్న కట్టడం అది. సుమారు 1,223 మీటర్ల పొడవు. లారీల్నీ బస్సుల్నీ దాని మీదకి రానివ్వరు. సైకిలు వాడికి అంతకన్నా ఏం కావాలి? నది దాటినంతసేపూ వెనక నుంచి ఎయిర్ హారను మోత ఉండదు.

అవతల సీతానగరం, తాడేపల్లి దాటి హైవే పక్కకి వచ్చాక సర్వీస్ రోడ్డు ఉన్నంత మేరా దాన్ని వదలకండి. అక్కడ రాంగ్ రూట్లో బైకులు ఎదురొస్తాయి, లారీలు ఆగి ఉంటాయి. అయినా హైవే కంటే నయమే. అసలు ప్రమాదం సర్వీస్ రోడ్డు అయిపోయి మళ్ళీ హైవేలో కలిసే చోట. అక్కడ ఆగి, కుడి భుజం మీదుగా వెనక్కి చూసి, అప్పుడు కదలండి. మంగళగిరి గాలిగోపురం దూరం నుంచే కనిపిస్తుంది కదా, దాని మీద చూపు పెట్టి రోడ్డు మరిచిపోకండి. చూడాలనుంటే దిగి, పానకాలస్వామిని దర్శించుకుని, తీర్థంగా పానకం పుచ్చుకుని బయల్దేరండి.

కాజ టోల్ గేటు, నాగార్జున యూనివర్సిటీ, పెదకాకాని దాటితే హైవే ఊరి బయట నుంచి మద్రాసు వైపు సాగిపోతుంది, మనం పాత రోడ్డు పట్టి గుంటూరులోకి వెళ్తాం. అక్కణ్ణుంచి కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ముందు ఆటో కనిపిస్తే, అది ఏ క్షణానైనా చెయ్యెత్తిన మనిషి కోసం ఆగుతుందనే అనుకోండి. స్టాపులో నిలబడ్డ బస్సుకి ఎడమ పక్క నుంచి దూరకండి, జనం దిగేది ఆ పక్కకే. ఆగి ఉన్న కారుకి ఒక మీటరు ఎడం పాటించండి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలీదు. లారీ ముందు భాగానికి ఎడమ పక్కన ఆనుకుని ఉన్న మనిషి డ్రైవరుకి కనపడడు. సిగ్నల్ దగ్గర ఆ సందులో నిలబడకండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి టిక్కీల లారీలు యార్డుకి బారులు తీరతాయి, ఆ రోజుల్లో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. ఎండాకాలం అయితే తెల్లారకముందే బయల్దేరండి, వెనక ఎర్రలైటు తప్పనిసరి.

ఇవన్నీ సరదాకి తొక్కేవాళ్ళ కోసం మాత్రమే చెప్పడం లేదు. క్యారేజీకి పాల క్యాన్లు కట్టుకున్నవాళ్ళు, తాపీ సామాను సంచి హ్యాండిలుకి తగిలించుకున్నవాళ్ళు, మగ్గం పనికి వెళ్ళేవాళ్ళు, వీళ్ళకి సైకిలే బతుకుతెరువు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు వేశారు. చాలా సంతోషం. కానీ పొద్దున్నే పనికి పోయే మనిషికి దారి కావలసింది ఊళ్ళో, బజార్లో, బస్టాండు ముందు. రెండు ఊళ్ళ మధ్య ఎంత మంచి రోడ్డు ఉన్నా, ఊళ్ళోకి వచ్చేసరికి దారి తెగిపోతే అది సైకిలు వాడికి అక్కరకి రాదు.

రోడ్లు వెడల్పు చేసే అధికారులకి నా మనవి ఒక్కటే: కొలతలు వేసేటప్పుడు ఎడమ అంచున రెండు మీటర్లు సైకిలుకి రాసిపెట్టండి, దాన్ని పార్కింగుకి వదలకండి. కారు నడిపే మీకూ ఒక మాట. సైకిలుని దాటేటప్పుడు మీటరున్నర ఎడం ఇవ్వండి. చోటు లేకపోతే హారను కొట్టకుండా కాసేపు వెనకే రండి. మీకు ఆలస్యమయ్యేది అర నిమిషమే.