గంటలు లెక్కపెడితే తేలని జబ్బు

పరీక్షలు దగ్గరపడ్డప్పుడు, మళ్లీ ఫలితాలు వచ్చాక, సికింద్రాబాద్‌లో మనోవైద్యుల ఓపీకి వచ్చే తల్లిదండ్రుల నోట ఒకే మాట వినిపిస్తుంది: ‘డాక్టర్ గారూ, మావాడు ఫోన్‌కి బానిసైపోయాడు, కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి.’ అల్వాల్ నుంచి వచ్చినా, మల్కాజిగిరి నుంచి వచ్చినా, తార్నాక నుంచి వచ్చినా ఫిర్యాదు ఇదే. రోజుకి ఎన్ని గంటలు ఆడుతున్నాడో చెప్పి, ఆ అంకెనే జబ్బుకి రుజువుగా మా ముందు పెడతారు. అలా తీసుకొచ్చిన పిల్లల్లో చాలామందికి జబ్బు ఉండదు. జబ్బు నిజంగా ముదిరిన పెద్దవాళ్లను మాత్రం ఎవరూ తీసుకురారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే: ఆటను గంటల్లో కొలవడం. కొలవాల్సింది ఆట ఆపగలిగే శక్తి ఎంత మిగిలిందో, ఆట వల్ల బతుకులో ఏమేం పోయాయో. ఈ కొలబద్ద చేతిలో ఉంటే ఎవరికి వైద్యం కావాలో, ఎవరిని వాళ్ల మానాన వదిలేయాలో చాలావరకు తేలిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే దారిలో ఆలోచించింది. 2019 మేలో ఆమోదం పొంది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్‌కు మూడు లక్షణాలు చెప్పింది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తన చేతిలో లేకుండా పోవడం ఒకటి. తిండి, నిద్ర, చదువు, స్నేహాలు అన్నిటికంటే ఆటే ముందుకు రావడం రెండోది. నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా ఆట కొనసాగడం, ఇంకా పెరగడం మూడోది. ఇవన్నీ మామూలుగా 12 నెలల పాటు ఉండి, జీవితాన్ని గట్టిగా దెబ్బతీస్తేనే జబ్బు అనాలి. ఇన్ని గంటలు దాటితే జబ్బు అన్న మాట ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు. వివిధ దేశాల సర్వేలను కలిపి 2021లో ప్రచురించిన విశ్లేషణలో ఈ సమస్య ఉన్నవారు సుమారు 3 శాతం అని తేలింది. నమూనాలను కట్టుదిట్టంగా ఎంచుకున్న అధ్యయనాలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే అది 2 శాతానికి కాస్త తక్కువే. ఫోన్ పట్టుకున్న ప్రతి పిల్లవాడూ రోగి కాదనడానికి ఈ అంకెలు చాలు. అయితే ఇంత పెద్ద దేశంలో రెండు శాతమన్నా తక్కువ మంది కాదు.

రోజుకి ఐదు గంటలు ఆడే ఇద్దరు కుర్రాళ్లను అనుకుందాం. మొదటివాడికి వేసవి సెలవులు. పొద్దున పరేడ్ గ్రౌండ్స్ వైపు క్రికెట్‌కి వెళ్తాడు, మధ్యాహ్నమంతా బాబాయి కొడుకుతో కలిసి ఫోన్లో ఆడతాడు, రాత్రి పదకొండుకి పడుకుంటాడు, కాలేజీ తెరిచాక ఆట దానంతటదే తగ్గుతుంది. రెండోవాడు అందరూ పడుకున్నాక దుప్పటి ముసుగులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తెల్లవారుజాము దాకా ఆడతాడు. మొదటి పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చేస్తాడు. ప్రాక్టికల్స్ ఎగ్గొడతాడు. కంచం ముందు కూర్చోడు. నాన్న ఫోన్‌లో యూపీఐ పిన్ చూసి ఆటలో తుపాకీ స్కిన్లు కొంటాడు, అడిగితే అబద్ధం చెబుతాడు. మానేద్దామని తనే రెండు మూడుసార్లు యాప్ తీసేసి, రెండు రోజులకే మళ్లీ వేసుకుంటాడు. ఇద్దరివీ ఐదు గంటలే, కానీ వైద్యం కావాల్సింది రెండోవాడికి. అందుకే మేము గంటల కంటే ముందు నిద్ర గురించి అడుగుతాం. ఇష్టంగా చేసే పనుల్లో ఏది మానేశాడో, మానేయాలని తనే ఎప్పుడైనా ప్రయత్నించాడో, ప్రయత్నిస్తే ఏమైందో అడుగుతాం. కొన్ని నిమిషాలు తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి పిల్లవాడిని ఒంటరిగా అడిగితే జవాబులు ఇంకా నిజంగా వస్తాయి.

ఆట తయారీ గురించి ఇంట్లోవాళ్లు తప్పక తెలుసుకోవాలి. పబ్జీ లాంటి ఆటలో వంద మంది దాకా ఒకేసారి దిగుతారు, నలుగురు ఒక స్క్వాడ్, మ్యాచ్ దాదాపు అరగంట సాగుతుంది. మధ్యలో ఆపి, తర్వాత అక్కడి నుంచే మొదలుపెట్టే వీలు లేదు. అమ్మ అన్నానికి పిలిచేసరికి మ్యాచ్ చివరికొచ్చి, బతికినవాళ్లు పదిమందే మిగిలి ఉంటారు. అప్పుడు లేచి వెళ్లడమంటే ముగ్గురు స్నేహితులను మధ్యలో వదిలేసినట్టే. ‘ఒక్క ఐదు నిమిషాలమ్మా’ అన్న మాటలో మొండితనం ఎంతో, ఆ ఇరకాటం కూడా అంత ఉంటుంది. దీనికి తోడు రోజూ లాగిన్ అయితే బహుమతి, సీజన్ ముగిసేలోగా ర్యాంకు నిలబెట్టుకోవాలన్న ఒత్తిడి, ఎప్పుడు ఏం దొరుకుతుందో తెలియని పెట్టెలు. ప్రతిఫలం ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఆ పని మానడం మరీ కష్టమని మనస్తత్వ శాస్త్రం ఏనాడో చెప్పింది. వీడియో గేమ్ ఆడుతున్నప్పుడు మెదడులో డోపమిన్ విడుదలవుతుందని 1998లోనే స్కానింగ్‌లో చూశారు. ఇష్టమైన ఏ పనిలోనైనా డోపమిన్ పాత్ర ఉంటుంది కాబట్టి ఒక్క దాన్నే చూపించి వ్యసనం అనలేం. ఆపడం కష్టమయ్యేలా అల్లిన ఆటను ఇంకా నిలదొక్కుకోని మనసు చేతిలో పెడుతున్నామన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇదంతా గారాబం, రెండు తగిలిస్తే దారికొస్తాడు అనేవాళ్లు ఉన్నారు. 2019 ఏప్రిల్‌లో మల్కాజిగిరిలో పదహారేళ్ల కుర్రాడు, పబ్జీ ఆడుతున్నాడని తల్లి మందలించాక ప్రాణం తీసుకున్నాడన్న వార్త ఈ ఊరిని కలచివేసింది. ఒక మరణానికి ఒకే కారణం అంటగట్టడాన్ని వైద్యం ఒప్పుకోదు. పిల్లల్ని మందలించే ప్రతి తల్లీ చేసేదే ఆ తల్లీ చేసింది, ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆట మీదే నిలబడి ఉన్న మనసు నుంచి ఆటను ఒక్కసారిగా లాగేస్తే ఆ కోపం, ఆ దిగులు ఎంత దూరం వెళ్తాయో ముందే ఊహించలేం. కాబట్టి మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కోవడం, రూటర్ తీసేయడం, నలుగురిలో అవమానించడం వద్దు. ఆట లేని సమయంలో కూర్చుని, ఎన్ని మ్యాచులు, ఏ గంటకి ఆఖరుది అని ముందే ఒప్పందం చేసుకోవాలి, మాట తప్పితే ఏమవుతుందో కూడా అప్పుడే చెప్పాలి. చచ్చిపోతానని పిల్లవాడు అంటే బెదిరింపని కొట్టిపారేయకుండా ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

చదువుకున్నవాళ్ల నుంచి వచ్చే అభ్యంతరం వేరు. ఇది అసలు జబ్బే కాదు, డిప్రెషన్‌కో ఆందోళనకో పైకి కనిపించే రూపం మాత్రమే అంటారు. గేమింగ్ డిజార్డర్‌ను జాబితాలో చేర్చవద్దని పలువురు పరిశోధకులు 2017లో బాహాటంగానే రాశారు. వాళ్ల మాటలో సగం నిజం ఉంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఏడీహెచ్‌డీ, డిప్రెషన్, నలుగురిలోకి వెళ్లాలంటే భయం తరచుగా కనిపిస్తాయి. తరగతిలో మాట పెగలని కుర్రాడికి ఆటలో తన స్క్వాడ్‌కి తనే నాయకుడు. చదువు మీద పదినిమిషాలు నిలవని దృష్టి, క్షణక్షణం మారే ఆట మీద గంటలు నిలుస్తుంది. అందుకే ఆటను నిందించే ముందు ఈ జబ్బులను వెతకడం మా మొదటి పని. అయితే మిగతా సగం వాళ్లు వదిలేశారు. దిగులుతో మొదలైన ఆట నిద్రను పాడుచేస్తుంది, నిద్ర లేక దిగులు పెరుగుతుంది, పెరిగిన దిగులు మళ్లీ ఆటలోకి నెడుతుంది. ఈ దశకు వచ్చాక ఏది ముందన్న చర్చ పక్కనపెట్టి రెండింటికీ ఒకేసారి వైద్యం చేయాలి.

పెద్దవాళ్ల సంగతి ఇంకా కష్టం. పిల్లవాడికి ప్రోగ్రెస్ కార్డుంటుంది, అడిగే అమ్మానాన్నలుంటారు. జీతం తెచ్చే మనిషిని అడిగేదెవరు? నైట్ షిఫ్ట్ ముగించుకుని వచ్చి మధ్యాహ్నం దాకా ఆడే ఉద్యోగి, ఉద్యోగం పోయాక పీజీ గది తలుపేసుకుని ఆటలోనే రోజు గడిపే యువకుడు వెన్నునొప్పికో నిద్రపట్టట్లేదనో వస్తారు తప్ప ఆట ఊసెత్తరు. డబ్బులు పెట్టి ఆడే ఆటల్లోకి దిగితే అది జూద వ్యసనం, దాని వెనకే అప్పులు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ మనీ గేమ్స్ అన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. డబ్బుతో ఆడే ఆటల విషయంలో ఇది అవసరమైన పనే. మామూలు వీడియో గేమ్స్‌ను కూడా నిషేధిస్తే సరిపోతుందనే వాదన మాత్రం నిలవదు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను నిషేధిస్తే, ఆడేవాళ్లు వేరే ఆటల్లోకి మళ్లారు, 2021లో అదే తరహా ఆట కొత్త పేరుతో వచ్చింది. పదహారేళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి ఆడకుండా దక్షిణ కొరియా 2011లో చట్టం తెచ్చి, పదేళ్లు చూసి, చివరికి ఎత్తేసింది.

మరి వైద్యంతో నయమవుతుందా అంటే, అవుతుంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో 143 మంది పురుషులపై జరిపి 2019లో ప్రచురించిన పరీక్షలో, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ తీసుకున్నవారిలో 69 శాతం మంది వ్యసనం నుంచి బయటపడ్డారు. వైద్యం కోసం వేచి ఉన్నవారిలో అది 24 శాతమే. ఆడవాళ్లు అందులో లేరు, పోలిక కూడా ఇంకో వైద్యంతో కాదు, కాబట్టి దాన్ని ఆఖరి మాటగా తీసుకోకూడదు, కానీ దారి మాత్రం స్పష్టం. ఆ దారిలో ముందు నిద్ర వేళను సరిచేస్తాం. ఏ సమయంలో, ఏ మనఃస్థితిలో చెయ్యి ఫోన్ మీదికి వెళ్తోందో రోగి చేతే రాయిస్తాం. ‘నేను ఆటలో తప్ప దేనికీ పనికిరాను’ లాంటి ఆలోచనలను అతనితోనే పరీక్షింపజేస్తాం. ఆట ఖాళీ చేసిన సమయంలోకి ఆటస్థలమో, స్నేహితులో, చేతిపనో రావాలి, లేకపోతే ఆటే తిరిగొస్తుంది. గేమింగ్ జబ్బుకంటూ ఆమోదం పొందిన మందు ఏదీ లేదు, మేము రాసేవి తోడుగా ఉన్న డిప్రెషన్‌కో ఏడీహెచ్‌డీకో. వైద్యం మధ్యలో మళ్లీ కొన్నాళ్లు ఆటలో పడటం మామూలే, దాన్ని ఓటమిగా చూడొద్దు. కొట్టి, బంధించి మానిపిస్తామనే కేంద్రాల జోలికి అసలు వెళ్లొద్దు. ఇంటర్నెట్ వ్యసనానికి కరెంటు షాకులివ్వడాన్ని చైనా ప్రభుత్వం 2009లోనే నిషేధించాల్సి వచ్చింది.

ఈ వైద్యానికి దూరాలు వెళ్లక్కర్లేదు. గాంధీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఇలాంటి సమస్యల కోసమే ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: మీ అబ్బాయి ఎన్ని గంటలు ఆడుతున్నాడన్నది పక్కనపెట్టి, నిద్ర, తిండి, చదువు, స్నేహాల్లో ఏది పోయిందో నెల రోజులు గమనించి, అది మాకు చెప్పండి. ఏదీ పోకపోతే అతన్ని ఆడుకోనివ్వండి. పోతుంటే మాత్రం పరీక్షలయ్యాక చూద్దామనుకోకుండా వెంటనే తీసుకురండి. ఉద్యోగాలు చేసుకుంటూ ఈ బాధ పడుతున్న పెద్దలు ఎవరో పట్టుకొచ్చేదాకా ఆగకండి, మీరే రండి.