కోటలో పురిటి గది

ఎడింబరాలో వానంటే మన ముసురే, కాకపోతే గాలితో కలిసి అడ్డంగా కొడుతుంది. గొడుగు రెండుసార్లు తిరగబడ్డాక మడిచి సంచిలో పడేశాను. రాయల్ మైల్ రాళ్ళబాట మీద అమ్మాయి చెయ్యి పట్టుకుని కోటకి ఎక్కాం. దానికి ఏడో నెల. "నువ్వు జారితే నేనే పట్టుకోవాలమ్మా" అని నవ్వింది.

కిరీటాలూ ఫిరంగులూ మావారికి వదిలేశాను. నన్ను ఆపేసింది ఓ చిన్న గది. చెక్క పలకల గోడలు, మా వంటింటికన్నా ఇరుకు. 1566 జూన్ 19న మేరీ రాణి జేమ్స్‌ని కన్నది అక్కడే. ఏడాది తిరక్కుండానే బిడ్డకి దూరమైంది, మళ్ళీ కళ్ళారా చూసుకోలేదు. పిల్లాడు స్కాట్లండ్‌కి రాజయ్యాడు, 1603లో ఇంగ్లండ్‌కి కూడా. ఏం లాభం లెండి, తల్లి ఒళ్ళో పెరగలేదు.

"పురుడు ఇక్కడే పోసుకుంటానమ్మా, ఇంటికి రాను" అంది అమ్మాయి, ఆ గదిలోనే. ఎన్నాళ్ళుగా నోట్లో నానుతోందో ఆ మాట! తొలి కాన్పు పుట్టింట్లోనే అని నేను మంచం చోటు కూడా చూసి పెట్టుకున్నాను.

కాసేపటికి, "మరి కాయం విమానంలో తేనిస్తారా?" అన్నాను.

అది జవాబు చెప్పేలోపు బయట ఒంటిగంట ఫిరంగి పేలింది. ఆదివారాలు తప్ప దాదాపు రోజూ పేలుస్తారట, 1861 నుంచీ. ఉలిక్కిపడ్డాం. "లోపల తన్నిందమ్మా" అంటూ నా తడిచెయ్యి లాక్కుని పొట్టమీద పెట్టుకుంది.