గైడు చూపులు

నెట్ పరీక్ష గట్టెక్కిన పిల్లలు వచ్చి అడిగే మొదటి మాట ఒకటే. "ఏ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తే బాగుంటుందండీ?" హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీయా, ఉస్మానియానా, ఆంధ్రానా అని అప్పటికే ఇంట్లో పంచాయితీ అయిపోయి ఉంటుంది. "అది సరేగానీ, ఎవరి దగ్గర చేస్తావు?" అంటే మాత్రం నీళ్లు నములుతారు. గేటు ముందు ఫొటో ఒక్కరోజే దిగుతాం. గైడుతో మాత్రం అయిదారేళ్లు కాపురం చెయ్యాలి మరి!

పిల్లనో పిల్లాడినో చూడ్డానికైతే అటేడు తరాలు, ఇటేడు తరాలు ఆరా తీస్తాం. ఇక్కడేమో సెమినార్లో ఒక ఉపన్యాసం విని మురిసిపోయి అప్లికేషన్ పెట్టేస్తాం. ఆరాకి పైసా ఖర్చు కూడా లేదండీ. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు నడిపే శోధ్‌గంగలో మన యూనివర్సిటీల థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి. అందులో గైడు పేరు కొట్టి చూడండి. ఆయన దగ్గర ఎవరెవరు చేశారో, ఏ అంశం మీద చేశారో వస్తుంది. రిజిస్ట్రేషన్ తేదీ, పట్టా తేదీ నింపి ఉంటే మరీ మంచిది, ఎన్నేళ్లు పట్టిందో లెక్క తేలిపోతుంది.

ఆ తర్వాత థీసిస్ తెరిచి, తిన్నగా కృతజ్ఞతల పేజీకి వెళ్లండి. నాకు మహా ఇష్టమైన పేజీ అది. "నిరంతరం ఆశీస్సులు అందించిన గురువుగారికి" అని ఉందనుకోండి, ఆశీస్సులు తప్ప ఇంకేమీ అందలేదేమో అని అనుమానించాలి. "ప్రతి అధ్యాయాన్నీ రెండేసి సార్లు దిద్ది" అని ఎవరైనా రాశారా, ఆ గుమ్మం తొక్కొచ్చు. ఒక్కటి చూసి తీర్పు చెప్పకండి, మూడు నాలుగు తిరగెయ్యండి.

అక్కడితో ఆగక డిపార్ట్‌మెంటుకి వెళ్లి, మూడో ఏడు స్కాలర్‌ని ఎవరినైనా టీకి పిలవండి. "సారు ఎలాంటివారండీ?" అని మాత్రం అడక్కండి. "చాలా మంచివారు" అని తప్ప ఇంకోమాట రాదు, వాళ్లూ అక్కడే బతకాలి కదా. "చాప్టర్ ఇస్తే ఎన్నాళ్లకి తిరిగొస్తుంది?" అని అడగండి. పదిహేను రోజులంటే ఆ రోజే దండం పెట్టి చేరిపోండి. అవతలివాళ్లు నవ్వేసి టీ తాగుతూ కూర్చుంటే, జవాబు వచ్చేసినట్టే.

అన్నట్టు, గైడుకి ఇష్టమైనా ఖాళీ ఉండాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక్కసారికి ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి ఉండకూడదు. రిటైర్మెంటుకి మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవాళ్లని తీసుకోకూడదు. ఇవి తెలుసుకోకుండా ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఉసూరుమన్నవాళ్లున్నారు. ఇంకో సంగతి, జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ రాకపోయినా నెట్ స్కోరుతో పీహెచ్‌డీకి వెళ్లే దారి 2024లో తెరిచారు. స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30. కాకపోతే ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది, వచ్చే ఏడు చూద్దాంలే అంటే కుదరదు.

ఇక డబ్బు సంగతి. జేఆర్‌ఎఫ్ ఉంటే మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ పైన 42,000, ఇంటద్దె అలవెన్సు వేరే. 2023 జనవరి నుంచి లెక్క ఇది. అది లేనివాళ్లకి సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్‌నెట్ ఫెలోషిప్ కింద వచ్చేది 8,000. హాస్టలు, మెస్సు పోగా ఏం మిగులుతుందో మీరే చూసుకోండి. స్టేట్ యూనివర్సిటీల్లో చాలామందికి అదీ లేదు. అందుకే "ఫెలోషిప్ పడిందా?" అనేది మన స్కాలర్ల నమస్కారం. నెలనెలా పడుతుందన్న భరోసా పెట్టుకోవద్దు. నాలుగు నెలలు ఆగి ఒక్కసారిగా పడితే, ఆ వారమే కొత్త ఫోను కొనకండి. మూడు నెలల మెస్సు బిల్లు పక్కన పెట్టుకున్నవాడు, గైడు ముందు కూడా కాస్త నిటారుగా నిలబడతాడు.

మూడేళ్లకి ముందు థీసిస్ ఇవ్వడానికి లేదు, ఆరేళ్లు దాటితే ఎక్స్‌టెన్షన్ అడగాలి. కోర్సువర్క్ అయిపోయిన రెండో ఏడుంది చూశారూ, అదే గండం. పరీక్షలుండవు, అడిగేవాళ్లుండరు. పెళ్లిళ్లలో చుట్టాలు మాత్రం "ఇంకా చదువేనా?" అంటూనే ఉంటారు. అప్పుడు పట్టుకోవాల్సింది రాత. చదవడం అంతా అయ్యాక రాద్దామంటే అది ఎప్పటికీ అవదు. రోజుకో పేజీ, చెత్తగానైనా సరే, రాసి పడెయ్యండి. ఎక్కడి నుంచి తీసుకున్నారో కూడా రాసుకోండి. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో కూర్చుని పాత పత్రికలన్నీ తిరగేసి, నోట్‌బుక్కు నిండా రాసుకున్న పెద్దమనిషి ఒకాయన్ని ఎరుగుదును. సంచిక నెల, పేజీ నంబరు వెయ్యలేదు. థీసిస్ రాసేటప్పుడు మళ్లీ వేటపాలెం బస్సెక్కాడు పాపం! ఫోనుతో ఫొటో తీసుకునే ఈ కాలంలోనూ ముందు అట్ట, తర్వాత పేజీ తియ్యాలి. ఆ క్రమం చేతికి అలవాటైపోవాలి.

వైవా గురించి బెంగ వద్దు. అది బహిరంగమే, ఎవరైనా వెళ్లి వెనక కూర్చోవచ్చు. మొదటి ఏడాదే వేరేవాళ్లవి రెండు మూడు చూసేయండి. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్‌గారు ఎక్కడ పట్టుకుంటారో, స్కాలరు ఎక్కడ తడబడతాడో అప్పుడే తెలుస్తుంది. ఆ రోజు భోజనం స్కాలరే పెట్టాలన్న రూలు ఏ నిబంధనల్లోనూ లేదు గానీ, పెట్టనివాడిని నేను చూడలేదు. బిర్యానీ ఎన్ని ప్లేట్లు చెప్పాలో మీ జూనియర్లని అడగండి, ఎవరు వస్తారో వాళ్లకే బాగా తెలుసు.