మండీ పక్కన జపనీస్ బడి

పేరులో సీతాఫలం ఉంది కానీ, సీతాఫల్‌మండి స్టేషన్‌లో ఎమ్‌ఎమ్‌టీఎస్ కోసం చూసేవాళ్ల చేతుల్లో పుస్తకాలూ కనిపిస్తాయి. తర్వాతి స్టేషన్ ఆర్ట్స్ కాలేజీ మరి! ఆ ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకునే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం... అందరి నోటా ఇఫ్లూ. 1958లో ఇంగ్లిష్ కోసం పుట్టిన సంస్థ, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. జపనీస్, చైనీస్, కొరియన్ కూడా నేర్పుతారక్కడ.

'ఇంగ్లిషే సరిగ్గా రాదు, జపనీసా?' ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఇదే. తమాషా ఏమిటంటే, 'నేను నీళ్లు తాగుతాను' అన్న వరసలోనే జపనీయులూ 'వతాషి వ మిజు ఒ నొమిమాసు' అంటారు. క్రియ చివరికే. మన 'కి', 'లో' లాంటివి వాళ్లకీ మాట వెనకే వస్తాయి. 'ఐ డ్రింక్ వాటర్' అని వాక్యాన్ని తిప్పుకోలేక ఏళ్లతరబడి బిక్కచచ్చిన తెలుగు మీడియం పిల్లలకు ఇదెంత ధైర్యమో! కొరియన్‌దీ అదే వరస. చైనీస్ మాత్రం ఇంగ్లిష్ పక్షం. పైగా 'మా' స్వరం తప్పితే అమ్మ కాస్తా గుర్రమైపోతుంది.

అలాగని జపనీస్ సులువేం కాదు. హిరగానా, కతకానా అక్షరాలు చెరో 46. ఆపైన వాడుకలోని కంజీలు 2,136. రోజుకు రెండు చొప్పున నేర్చినా దాదాపు మూడేళ్లు... ఒక డిగ్రీ పట్టేంత.