ఊర్లో యాడ?

ఈ నెల మేము వాక్యధ్యానము కాక, మా స్వంత తప్పు ఒకటి వ్రాయుచున్నాము.

మా సంఘములో ఒక యౌవనస్థుడు వెల్డింగు షాపు నడుపుతున్నాడు. గేట్లు, షెడ్లు, బోరు మోటార్ల స్టార్టరు పెట్టెలు చేస్తాడు. వేరుశనగ ఎండిన ఏడు రైతు చేతిలో డబ్బుండదు, ఇతని షాపులో నిప్పురవ్వ లేవదు. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలైన తరువాత చిన్న షాపులకూ పనులు వస్తాయేమోనని ఆశపడ్డాడు. "పనులు కావాలంటే సభలకు పోవాలి, నలుగురిని పరిచయము చేసుకోవాలి" అన్నారు తెలిసినవారు. అనంతపురములో ఒక హోటలు హాలులో అట్టి సభ జరిగింది.

"ఒక్కడినే పోవాలంటే భయము, అయ్యగారూ. మీరు తోడు రండి" అన్నాడు. వెళ్ళాము.

అక్కడ ఎవరూ మమ్మును ఒక్క మాట అనలేదు. ఈ సంగతి ముందే చెప్పాలి. మా నాయనగారి కాలములో టీ హోటలులో మనకు వేరే గ్లాసు ఉండేది. ఈ హాలులో అందరికీ ఒకటే పేపరు కప్పు. అయితే అక్కడ ఒకరినొకరు పలుకరించే తీరు చూస్తే, "మా బావమరిది", "మా పెద్దనాయన కొడుకు" అనే మాటలే ఎక్కువ. సభకు రాకముందే వారికి పరిచయము ఉన్నది. మనవాడు జేబులోని కార్డులు తడుముకుంటూ గోడవారగా నిలబడ్డాడు.

చివరకు ఒక పెద్దమనిషి దగ్గరకు వచ్చి ప్రేమగానే అడిగాడు. "యా ఊరు నాయనా?" ఊరు చెప్పాడు. "ఓ, మాదీ ఆ పక్కే! ఊర్లో యాడ?"

పల్లెల్లో పుట్టినవారికి ఈ ప్రశ్న అర్థము వేరే చెప్పనక్కరలేదు. వీధి చెబితే కులము చెప్పినట్లే. "చర్చి దగ్గర" అనవలసినవాడు "బస్టాండు దగ్గర" అన్నాడు. పెద్దమనిషి మావైపు తిరిగి, "మీరేం చేస్తారు?" అన్నాడు. "పిల్లలకు పాఠాలు చెబుతాము" అన్నాము. ఆదివారపు బడిలో చెబుతాము గనుక అబద్ధము కాదు. చలిమంట దగ్గర పేతురుకు ఎదురైన ప్రశ్న కూడా ఇంత చిన్నదే.

తిరుగు బస్సులో గుత్తి వరకు ఇద్దరమూ మాటలాడుకోలేదు.

మనవంటివారికే వేరే సభలున్నవి గదా అని కొందరు అడుగవచ్చును. ఉన్నవి. అమెరికాలో నల్లజాతివారు వ్యాపారములో తమకు చోటు లేదని, 1900లో బుకర్ టి. వాషింగ్టన్ నాయకత్వములో తమ వ్యాపారుల సంఘము పెట్టుకున్నారు. మన దేశములో మిలింద్ కాంబ్లే పూనెలో దళిత వ్యాపారుల మండలిని 2005లో స్థాపించారు. మంచి పనులే. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడు ఎస్సీ కాడు. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా పథకములో 10 లక్షల నుండి కోటి రూపాయల వరకు ఋణము ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు అన్నారు. మనవాని చేతిలో ఉన్నది బీసీ-సీ పత్రము. ఊరివారి లెక్కలో వాడవాడు, కాగితము లెక్కలో కాడు.

మార్టిన్ లూథర్ కింగ్‌గారు 1959లో మన దేశమునకు వచ్చినప్పుడు, తిరువనంతపురములో దళిత పిల్లల బడికి వెళ్ళారు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను, అమెరికా నుండి వచ్చిన తోటి అస్పృశ్యుడని పిల్లలకు పరిచయము చేశాడు. మొదట ఆయనకు నొప్పి కలిగింది. తరువాత ఆలోచించి అది నిజమేనని ఒప్పుకున్నట్లు 1965లో తన సంఘములో ప్రసంగించారు. ఈ సంగతి మేము ప్రసంగపీఠము మీదనుండి ఎన్నోసార్లు చెప్పినవారమే. హాలులో మాత్రము గుర్తుకు రాలేదు.

పోయిన వారము అతడు కొత్త కార్డుల ప్రూఫు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పాత కార్డులో పేరుకు బదులు పొడి అక్షరములే ఉండేవి. ఇప్పుడు రెండు విధములుగా వేయించాడు: ఒకదానిలో పొడి అక్షరములు, మెయిన్ రోడ్డు, మరొకదానిలో వాళ్ళమ్మ బాప్తిస్మమునాడు పెట్టించిన పూర్తి పేరు, చర్చి వీధి.

"ఏది అచ్చు వేయించమంటారు, అయ్యగారూ?"

రెండవది అని చెప్పడానికి నోరు తెరచి ఆగిపోయాము. పని దొరకకపోతే పస్తుండేది అతని పిల్లలు, మా పిల్లలు కారు. "ముందు మేమొక మాట ఒప్పుకోవాలి" అని, ఆనాడు మేము పలికిన సగము మాట గూర్చి చెప్పాము.

"నేను విన్నాను, అయ్యగారూ" అన్నాడు.

పాస్టరమ్మగారు టీ తెచ్చారు. ప్రూఫులు రెండూ ఇంకా మా బల్లమీదనే ఉన్నవి. శుక్రవారములోగా చెప్పమని అచ్చు వేసేవాడు కబురు పంపాడు.